మొదటి నీళ్లకు తూము తెరిచిన ఆదివారం

తెనాలిలో వేసవికి కాలువ నీళ్లు కట్టేసిన మూడో రోజుకు అడుగు బయటపడుతుంది. నాలుగో రోజుకు ఆ అడుగున కోడి ఈకలు కనిపిస్తాయి. ఆ తర్వాతి వరస నేను కళ్లు మూసుకుని చెప్పగలను. చికెన్ కొట్ల బస్తాలు, పెళ్లిభోజనాల ప్లేట్లు, మందుల సీసాలు, ఎవరో పోతే వాళ్ల ఇంటివాళ్లు తెచ్చి పారేసిన బట్టలు, దిండు, పరుపు. వేసవిలో మాకది కాలువ కాదు, ఊరి పొడుగునా పడుకున్న చెత్తకుండీ. జూన్‌లో పైనుంచి నీళ్లు వదలగానే ఒక్క పూటలో అంతా కొట్టుకుపోతుంది. వంతెన మీద నిలబడి చూసినవాళ్లు "అబ్బ, ఎంత శుభ్రమైపోయిందండీ" అంటారు.

నేనూ అన్నాను ఆ మాట. ముప్ఫయ్యేళ్లు దినపత్రికలో పనిచేశాను. ఆ వంతెన పక్కనే టీ తాగాను. కొట్టుకుపోయింది ఎక్కడికి పోతుందని ఒక్కరోజూ అడగలేదు. విలేకరి మొట్టమొదట నేర్చుకునే నాలుగైదు ప్రశ్నల్లో 'ఎక్కడ' ఒకటి. ఊళ్లో వాళ్లందరినీ అది అడిగాను, కాలువను తప్ప.

ఎక్కడికి పోతుందో నాకు ఒకావిడ చెప్పింది. ఆమెది రేపల్లె దాటాక, పెనుమూడి దారిలోంచి లోపలికి తిరిగితే వచ్చే ఊరు. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అందుకని ఊరందరికీ తాగడానికి ఒకటే చెరువు. కాలువలోంచి ఆ చెరువులోకి ఒక తూము ఉంటుంది. వేసవిలో కాలువ కట్టేసే ముందు చెరువు నిండా నింపుకుంటారు. మళ్లీ నీళ్లు వదిలేదాకా ఊరు దాంతోనే గడవాలి. ఆ తూము తలుపు లేపడానికి, దించడానికి గట్టు మీద ఒక ఇనుప చక్రం ఉంటుంది. దానికి గొలుసు, గొలుసుకు తాళం. ఆ తాళంచెవి ఆమె కొంగున ఉండేది. ఆమె భర్త పోయాక ఆమెకు వచ్చింది. అంతకుముందు మామది, ఆయనకు ముందు ఆయన తండ్రిది. ఆ మొదటాయన రోజుల్లో, చెరువు కాపలా కాసిన మనిషి ఆ చెరువు రేవులో కాలు పెట్టడానికి వీల్లేదు. పై నుంచి ఎవరన్నా పోస్తే కడవ పట్టుకుని ఇంటికి తీసుకెళ్లేవాడు. ఆ సంగతి ఆమె నాకు నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

మా పరిచయం ఒక శిక్షణా శిబిరంలో జరిగింది. 'మన చెరువు, మన బాధ్యత' అని పేరు. నడిపే సంస్థ ఆఫీసు తెనాలిలో ఉండబట్టి రేపల్లె వైపు ఊళ్లవాళ్లందరినీ పొద్దుటి రైలుకు తెనాలి రప్పించారు. మే నెల. కాలువగట్టు మీద ఏసీ ఉన్న ఫంక్షన్ హాలు. వచ్చినవాళ్లందరికీ ఒక గుడ్డ సంచి, టోపీ, పెన్ను, చిన్న నీళ్ల సీసా ఇచ్చారు. నేను రిటైరైనా, పాత అలవాటు కొద్దీ మండలం వార్తలు పంపుతూ ఉండేవాణ్ణి. అందుకని వెళ్లాను. నాకూ టోపీ ఇచ్చారు.

మొదటి ఆయన తెర మీద ఏదో మంచుకొండల మధ్య ఉన్న సరస్సు చూపించి, నీటి విలువ మనకు తెలియడం లేదని బాధపడ్డాడు. ఎండాకాలంలో మూడు బిందెల నీళ్లతో రోజు గడిపే ఆడవాళ్లతో ఈ మాట. వాళ్లు మర్యాదగా విన్నారు. తర్వాత ఒక అమ్మాయి వచ్చి, అందర్నీ గుంపులుగా కూర్చోబెట్టి, పెద్ద కాగితాలిచ్చి, "మీ ఊరి చెరువు బొమ్మ గీయండి" అంది. అందరూ గుండ్రంగా ఒక చెరువు, గట్టు మీద చెట్లు, నీళ్లలో తామరపువ్వు గీశారు. ఈమె మాత్రం కాగితం ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక పొడుగాటి గీత గీసి, ఆ గీత చివర చిన్న చుక్క పెట్టింది.

"అమ్మా, మీరు చెరువు గీయలేదు" అంది ఆ అమ్మాయి.

"అదిగో, ఆ చుక్కేనమ్మా చెరువు."

"మరి ఇదంతా ఏంటి?"

"కాలువ. నీళ్లు ఎక్కణ్నుంచి వస్తన్నయ్యో ముందు గియ్యాలి గదా. చెరువుదేముంది, పంపింది పట్టుకునేదే."

గుంపులో నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వి, బొమ్మలన్నీ గోడకు అంటించేటప్పుడు ఆ కాగితాన్ని అన్నిటికంటే కింద, కుర్చీల వెనక అంటించింది. ఆ రోజు ఆ హాల్లో ఎవరన్నా పాఠం చెప్పి ఉంటే అది ఆ కాగితమే. అది అప్పుడు నాకు తెలిసిందని అబద్ధం చెప్పను.

భోజనాలయ్యాక గాలికోసం వెనక వరండాలోకి వెళ్లాను. ఆమె అక్కడే నిలబడి ఉంది. వంటవాళ్ల మనిషి ఒకడు తిన్న ప్లేట్లు, నీళ్ల సీసాలు గంపకెత్తి తెచ్చి, వెనక ప్రహరీ మీంచి ఎండిన కాలువలోకి కుమ్మరించి, గంప గోడకు కొట్టి దులుపుకుని వెళ్లిపోయాడు. చెరువులు కాపాడుకోవడం నేర్పే శిబిరం భోజనం అది. మళ్లీ వచ్చాడు. మళ్లీ కుమ్మరించాడు.

"అది మాకేనండి" అంది ఆమె.

"ఏది?"

"అదే. మీరు తిన్న ప్లేటు. నీళ్లొదలంగానే మా ఊరొచ్చిద్ది. మా తూము కాడ కమ్మీలకి తగులుకుంటది." అప్పుడు చెప్పింది ఆమె తన లెక్క. మొదటి నీళ్లు సముద్రానికి, రెండో నీళ్లు పొలానికి, మూడో నీళ్లు చెరువుకి. కాలువ వదిలాక కనీసం పది రోజులు తూము తెరవకూడదు. దారిలో ఉన్న ఊళ్లన్నీ రెండు నెలలుగా పోసిందంతా మొదటి నీళ్లు తోసుకొస్తాయి. అవి పోవాలి. చెరువు అడుగంటినా సరే, ఊరు గొంతు తడారి తిట్టినా సరే, ఆగాలి. పదో రోజున గాజుగ్లాసులో నీళ్లు ముంచి, ఒక పూట కదలకుండా పెట్టి, అడుగున ఏం పేరిందో చూసి, వాసన చూసి, అప్పుడు తాళం తీస్తుంది. ఆమె మామ నేర్పిన పద్ధతి అది.

"ఈ మాట లోపల చెప్పకపోయారా చెల్లెమ్మా?"

"సందేహాలుంటే అడగమన్నారండి. నాకు సందేహం లేదు గదా."

ఇంటికి వచ్చి నేను ఏం రాశాను? సంస్థవాళ్లు ఇచ్చిన కాగితం ముందు పెట్టుకుని, 'చెరువుల పరిరక్షణపై విజయవంతంగా ముగిసిన శిక్షణ' అని రాశాను. పాల్గొన్న పెద్దల హోదాలు వరసగా రాశాను. గంప సంగతి రాయలేదు. మూడు నీళ్ల సంగతి రాయలేదు. తప్పు రాయలేదు గానీ, వార్తా రాయలేదు. ఈ రెంటికీ తేడా నాకు ఆ వయసుకు తెలిసి ఉండాలి.

జూన్‌లో కాలువ వదిలారు. రెండో రోజు సంస్థ నుంచి ఫోను. శిక్షణ పొందిన ఆవిడ ఊరి చెరువు కమిటీ తమ చెరువుకు మొదటిసారిగా శాస్త్రీయంగా నీళ్లు వదులుతోందనీ, పెద్ద అధికారి ఒకాయన హారతి ఇచ్చి తూము తెరుస్తారనీ, రావాలనీ. ఆదివారం. రైలెక్కి రేపల్లె వెళ్లి, అక్కణ్నుంచి ఆటోలో వెళ్లాను.

గట్టు మీద షామియానా వేశారు. అప్పుడే కాలువలో కొత్త నీళ్లు అందుకున్నాయి. తేనెరంగులో, పైన తెట్టు కట్టి, సుడులు తిరుగుతూ పోతున్నాయి. చెరువులో మోకాలి లోతు పాతనీళ్లు, తేటగా. ఆమె చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో బైబిలు కవరుంది. కమిటీ అధ్యక్షుడు ఆ ఊళ్లోనే ఎరువుల కొట్టు నడుపుతాడు. నలభై ఏళ్లుంటాయి. చెడ్డవాడు కాదు. శిక్షణలో ఇచ్చిన టోపీ పెట్టుకుని ఉన్నాడు.

"అత్తా, తాళం తియ్యి. ఆయన కారు రేపల్లె దాటిందంట."

"తియ్యను అల్లుడూ. మొదటి నీళ్లు."

"ఆయనకి ఇవాళే కుదిరిందత్తా. పది రోజుల తర్వాతంటే మన మొహం ఎవరు చూస్తారు?"

"నీళ్లు కావాలా, ఆయన కావాలా?"

"రెండూ కావాలి."

"రెండూ తాగలేం అబ్బాయ్."

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. అతనూ నవ్వాడు. కానీ వదల్లేదు. అరగంటే అన్నాడు. ఆయన చక్రం తిప్పుతాడు, ఫొటో తీస్తారు, వెంటనే దించేద్దాం అన్నాడు. చెరువంతా ఏం నిండదులే, నాలుగు చెంబులు పడితే ఏం పాడైపోయిద్ది అన్నాడు. ఊళ్లో పెద్దలు ఇద్దరు ముగ్గురు అతని మాటకే తల ఊపారు. ఆమె ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూసి, చివరికి నా వంక తిరిగింది.

"ఏంటన్నయ్యగారూ, మీరు చదువుకున్నోరు, పేపరోళ్లు. మీకు చెప్పాను గదా అంతా. మీరు చెప్పండి."

నేను గడియారం చూసుకున్నాను. తిరుగు రైలు గురించి ఆలోచిస్తున్నాను. ఫొటో లేకపోతే వార్త పడదు.

"అరగంటకేం కాదులే చెల్లెమ్మా. మీరు పక్కనే ఉంటారుగా" అన్నాను.

ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది.

అధికారి వచ్చాడు. పళ్లెంలో కర్పూరం వెలిగించారు. నీళ్లలో పూలు వేశారు. ఆయనకు చక్రం తిప్పడం రాక, ఆమె కింద చెయ్యి వేసి తిప్పింది. తలుపు లేచింది. నీళ్లు చెరువులోకి దూకాయి. చప్పట్లు కొట్టారు. తల్లిలాంటి చెరువని ఆయన మాట్లాడాడు. కాఫీ తాగి కారెక్కాడు. ఆ కారు మలుపు తిరగకముందే ఆమె చక్రం దగ్గరికి వెళ్లింది.

చక్రం తిరిగింది, తిరిగింది, ఆగిపోయింది. తలుపు కిందికి ఇంకా జానెడు ఖాళీ ఉంది. ఇద్దరు మగవాళ్లు పట్టుకుని బలంగా తిప్పారు. ఇనుప కడ్డీ మూలిగింది గానీ తలుపు దిగలేదు. కమ్మీలను వంచుకుని వచ్చి, దాని కింద ఏదో ఇరుక్కుంది. ఆ జానెడు సందులోంచి నీళ్లు ఇంకా బలంగా, అడుగు బురదతో నల్లగా దూసుకొస్తున్నాయి. నడుముకు తాళ్లు కట్టుకుని ఇద్దరు కాలువలోకి దిగారు. గునపంతో పొడిచారు. వాళ్లను నీళ్లు రెండుసార్లు గోడకు కొట్టాయి. ఒకతని భుజం చీరుకుపోయింది. షామియానా విప్పేసి తీసుకెళ్లిపోయారు. నా రైలు వెళ్లిపోయింది. పొద్దు వాలుతుండగా, ముక్కలు ముక్కలుగా చింపి పైకి లాగారు. అదొక పరుపు. చుట్టి, నులకతాడుతో బిగించి కట్టిన పాత పరుపు.

ఏ ఊరి పరుపో నేను ప్రమాణం చేసి చెప్పలేను. కాలువ పొడుగునా ఊళ్లున్నాయి. రుజువు లేనిది రాయకూడదని నేర్చుకున్నవాణ్ణి. కానీ తెనాలి వంతెన కింద అలాంటి పరుపును నేను ఆ వేసవిలో చూశాను. చూసి టీ తాగాను.

తలుపు దిగేసరికి చెరువు సగం నిండింది. పాత తేటనీళ్లు ఆ నలుపులో ఎక్కడ కలిసిపోయాయో తెలియలేదు. తూము కమ్మీలకు ప్లేట్లు, సీసాలు ఒత్తుగా అతుక్కుని ఉన్నాయి. ఆమె గట్టు మీద కూర్చుని వాటిని ఒక్కొక్కటే లాగి పక్కన పెడుతోంది. నేను వెళ్తున్నానని చెబితే తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దున పత్రికలో వార్త పడింది. నేను అధికారి ప్రసంగం మధ్యలోనే ఫోన్లో పంపేసింది. 'ఫలించిన శిక్షణ, చెరువుకు జలకళ.' ఫొటోలో అధికారి నవ్వుతూ చక్రం పట్టుకుని ఉన్నాడు. ఆమెను కత్తిరించేశారు. ఆయన చేతుల కింద ఒక ఆడమనిషి చెయ్యి మాత్రం మిగిలింది. పది గంటలకు ఆమె ఫోను చేసింది.

"చూశానన్నయ్యగారూ. బాగుంది. నా చెయ్యి పడింది."

మూడో రోజుకు చేపలు వెల్లకిలా తేలాయి. చెరువు నీళ్లను వడగట్టి కుళాయిలకు పంపే తొట్లో ఇసుక జిగురు పట్టింది. కుళాయిల్లో నీళ్లు కంపు కొట్టాయి. కొనగలిగినవాళ్లు ఆటోల్లో వచ్చే నీళ్ల టిన్నులు కొనుక్కున్నారు. కొనలేనివాళ్లు పక్క ఊరికి బిందెలతో నడిచారు. నడవలేనివాళ్లు అవే మరగబెట్టుకుని తాగి వాంతులు, విరేచనాలతో రేపల్లె ఆసుపత్రికి వెళ్లారు. ఇంజన్లు పెట్టి చెరువు తోడించి, అడుగు గీకించి, మళ్లీ నింపడానికి నెల పైన పట్టింది. ఈలోగా దారిన పోయేవాళ్లంతా ఆమె గుమ్మం ముందు ఆగి, "తాళం నీ దగ్గరేగా ఉంది, బుద్ధెక్కడికి పోయింది?" అని తిట్టిపోశారు. ఆదివారం అరగంటే అని తల ఊపిన పెద్దలు కూడా. కమిటీ సమావేశమై ఆమె దగ్గర్నుంచి తాళంచెవి తీసుకుంది. మూడు తరాలు ఆ చెరువును చూసుకున్న ఇల్లు, ఒక్క అరగంటకు నిర్లక్ష్యపు ఇల్లయింది.

పైవాళ్లు విచారించి తేల్చింది ఏమిటంటే, తూము నిర్వహణలో అవగాహనా లోపం. అవగాహన లేనిది ఎవరికి? ప్లేట్లు కుమ్మరించినవాడికి కాదు. పరుపు పారేసినవాడికి కాదు. వచ్చే అతిథి తీరికను బట్టి కాలువ నడుస్తుందనుకున్నవాళ్లకు కాదు. వద్దని చెప్పిన ఒక్క మనిషికి.

నేను మళ్లీ రాశాను. ఆమె వద్దందనీ, అందరం బలవంతపెట్టామనీ, 'అరగంటకేం కాదు' అన్నవాళ్లలో నేనూ ఉన్నాననీ రాశాను. డెస్కులో నాకంటే చిన్నవాడు ఒకతను ఫోను చేసి, "సార్, చివరి వాక్యం తీసేస్తున్నానండి. మీ సొంత గొడవ పాఠకులకెందుకు?" అన్నాడు. ఉంచమని గట్టిగా అడిగాను. సరేనన్నాడు. తీసేశాడు. చిన్న పెట్టెలో, లోపలి పేజీలో, ఒక పెళ్లి ప్రకటన పక్కన వచ్చింది.

తాళంచెవి ఆమెకు తిరిగి వచ్చింది. నా వార్త వల్ల కాదు. చెరువు మళ్లీ నింపాల్సిన రోజు వచ్చినప్పుడు, ఎప్పుడు తెరవాలో చెప్పే పూచీ కమిటీలో ఒక్కడూ తీసుకోలేదు. ఎరువుల కొట్టు అల్లుడే వెళ్లి, "నీ దగ్గరే ఉండనీ అత్తా" అని చేతిలో పెట్టాడట. ఒక షరతు ఉంది. ఆమె బాపట్లలో తూము నిర్వాహకుల శిక్షణకు హాజరై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

ఆ శిక్షణకు నేనూ వెళ్లాను. ఎవరూ పిలవలేదు. మళ్లీ సంచి, టోపీ, సీసా. తూము అంటే ఏమిటి, దాని భాగాలేవి, చక్రాన్ని ఏ వైపు తిప్పాలి అని ఒక కుర్రాడు తెర మీద బాణం గుర్తులతో ఆమెకు నేర్పాడు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నది. చివర్న వేదిక మీది అధికారి సందేహాలున్నాయా అని అడిగాడు. ఈసారి ఆమె లేచింది.

"ఈ క్లాసు పైవాళ్లకెప్పుడండి?"

"పైవాళ్లంటే? మా పై అధికారులకా?" హాల్లో నవ్వులు.

"కాదండి. మాకు పైన ఉన్నోళ్లకి. కాలువకి పైన. తెనాలోళ్లకి."

"తెనాలి మన జిల్లా కాదమ్మా. అది గుంటూరు జిల్లా."

"మురికికి ఆ సంగతి తెలీదు గదండి" అంది ఆమె. చాలా మెల్లగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

ఆయన పక్కవాడితో ఏదో అని, మంచి ప్రశ్న అన్నాడు. తర్వాత టీ ఇచ్చారు. ఆమెకు సర్టిఫికెట్ ఇచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో దాన్ని నాలుగు మడతలు పెట్టి బైబిలు కవర్లో దోపింది.

"అన్నయ్యగారూ, మీరొక పని చెయ్యాలి" అంది బస్సు కోసం చూస్తూ. "రాసే పని కాదులెండి. మీరు రాస్తే ఏమైద్దో చూశాం."

ఆ మాట పడ్డాను. పడాల్సిందే.

"మీ ఊరి వంతెన మీద నిలబడతారు గదా టీకి. కాలువ వదిలిన రోజు ఏం పోతందో చూసి నాకు ఫోన్ చెయ్యండి. అంతే. చూసింది చూసినట్టు. బాగుందని చెప్పమాకండి."

మరుసటి జూన్‌లో ఆ ఊళ్లో మళ్లీ హారతి పెట్టారు. మళ్లీ మొదటి నీళ్లకే. మళ్లీ ఒక అతిథి. నేను వెళ్లలేదు. వెళ్లినవాళ్లు చెప్పారు. గట్టు మీదికి పోయి చూస్తే తాళం ఉంది, గొలుసు ఉంది, చక్రం లేదట. ముందు రోజే ఊడదీసి ఇంట్లో మంచం కింద పెట్టుకుందట. అల్లుడు వెళ్లి అడిగితే, "చక్రం పుట్టింటికి పోయింది, పదకొండు రోజులకి గాని రాదు" అందట. అతిథి మూసి ఉన్న తూము ముందు నిలబడి ఫొటో తీయించుకుని, పూలు కాలువలో వేసి వెళ్లాడు.

ఆ రోజుకు రెండు రోజుల ముందు, పొద్దున ఏడింటికి నేను వంతెన మీద ఉన్నాను. నీళ్లు అప్పుడే అందుకున్నాయి. పక్కన ఒకాయన టీ గ్లాసు పట్టుకుని, "అబ్బ, ఎంత శుభ్రమైపోతుందో చూశారా?" అన్నాడు. ఫోన్ తీశాను.

"చెప్పండన్నయ్యగారూ. ఏం వస్తన్నయ్యి?"

"ప్లేట్లు. చాలా ఉన్నాయి. బస్తాలు, మూతులు కట్టినవి, వాసన ఇక్కడిదాకా వస్తోంది. ఒక చచ్చిన పంది. దిండ్లు రెండు. మందుల సీసాలు ఒక అట్టపెట్టెడు. ఒక పెద్ద ఫ్లెక్సీ, పుట్టినరోజు శుభాకాంక్షలని."

"ఎవరిదండీ?"

"మొహం నీళ్లలో ఉందమ్మా."

అవతల ఆమె తనలో తనే ఏదో గొణుక్కుంది. లెక్క వేసుకుంటోందని అర్థమైంది.

"పంది అన్నారు గదా. అయితే పది రోజులు చాలవు. పదమూడు" అని ఫోను పెట్టేసింది.